బొగ్గు ఓడ

సోమవారం యంత్రాలొచ్చి వీధినంతా నేలమట్టం చేస్తాయని తెలిసిన దగ్గర్నుంచి ఇష్బెల్‌కి ముద్ద దిగడం లేదు. ఇల్లు పోతే పోయింది, గ్లాస్గో చివర ఎక్కడో ఇంకోటి చూపించారు. ఆమె ప్రాణమంతా పై అంతస్తు మెట్ల దగ్గరి గోడ మీదుంది. ఏడేళ్ళ వయసులో కొడుకు కేలమ్ అక్కడ బొగ్గుముక్కతో ఓడ గీశాడు. ఆ చలికాలమే కంఠసర్పి జబ్బు పట్టుకుని చనిపోయాడు. వాడికి ఒక్క ఫొటో అయినా లేదు. తీయిద్దాం, తీయిద్దాం అనుకుంటూనే ఉండిపోయింది పిచ్చితల్లి.

ఆ ఇళ్ళలో మెట్లు కడగడం వంతులవారీ. పై అంతస్తులో మాత్రం ఎవరి వంతైనా ఇష్బెలే కడిగేది. కేలమ్ పోయాక అదే అంతస్తులో ఎదురింట్లో దిగిన బీనీ బకెట్టుతో బయటికొస్తే చాలు, నీ మోకాళ్ళ సంగతి నాకు తెలీదా, లోపలికి పో అని తరిమేసేది. కడిగి, మెట్ల అంచులకి తెల్లసుద్దతో మెలికల ముగ్గు వేసేది. గోడ జోలికి మాత్రం పోయేది కాదు. ఎందుకో బీనీకి ఏనాడూ చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుంది, ఒకరి ముందు ఏడవడమంటే ఆమెకి చచ్చేంత నామోషీ.

శనివారం లైబ్రరీ తరఫున ఆర్చీ అనే కుర్రాడు వీధి ఫొటోలు తీయడానికొచ్చాడు. అన్నీ బయటినుంచే తీసుకుంటూ పక్కవీధిలోకి వెళ్ళిపోయాడు. ఇష్బెల్ చాలాసేపు వెతికి, పరుగెత్తి వాడి చొక్కా చెయ్యి పట్టుకుంది. రీల్లో ఒక్కటే మిగిలింది పెద్దమ్మా, అది చర్చికోసం అట్టేపెట్టానన్నాడు. ఆమె వదిలితేనా? నడిరోడ్డు మీద మోకాళ్ళ మీద పడబోయింది. వాడు హడలిపోయి వెంట నడిచాడు.

మెట్లన్నీ తడిగా ఉన్నాయి. అంచులకి అప్పుడే వేసిన ముగ్గు. ఇష్బెల్ రెండేసి మెట్లు ఎక్కింది. పైన బీనీ ఆయాసపడుతూ, తడిగుడ్డతో నిలబడి ఉంది.

"ఇన్నేళ్ళూ నా వంతు నువ్వే చేశావు కదక్కా, ఈ ఒక్కసారైనా నన్ను చెయ్యనీ," అంది బీనీ, ముఖం వెలిగిపోతుంటే. "ఫొటోలో మన మెట్లు చూసి ఎవరూ మూతి తిప్పకూడదు. గోడ మీద మసి కూడా వదలగొట్టాను చూడు. ఏ వెధవ పూశాడోగానీ, ఓ పట్టాన పోలేదు."

గోడ తెల్లగా ఉంది. ఇష్బెల్ దాని మీద అరచెయ్యి పెట్టి అలాగే మెట్టు మీద కూలబడిపోయింది.

"నా కేలమే బీనీ. వాడు గీసిన ఓడ."

నోరు తెరిచి ఏడ్చింది, ఎవరు చూస్తే ఏం అన్నట్టు. బీనీకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి బకెట్టు తియ్యబోయింది.

"పారబొయ్యకే," అంటూ ఇష్బెల్ దాన్ని రెండు చేతులా వాటేసుకుంది.

ఆర్చీ కెమెరా మూసెయ్యబోయాడు.

"తియ్యి బాబూ."

"ఏం తియ్యమంటావు పెద్దమ్మా?"

"ఈ నల్లనీళ్ళు. నా బిడ్డ అందులోనే ఉన్నాడు."

వాడు కెమెరా పట్టుకుని బకెట్టు మీదికి వంగాడు. ఇష్బెల్ వెక్కిళ్ళకి నీళ్ళు తొణుకుతున్నాయి. బీనీ మోకాళ్ళ నొప్పి మరిచి కింద కూర్చుని, అవి కదలకుండా బకెట్టుని రెండోవైపు పట్టుకుంది.