గూట్లో ఇరుక్కున్న బ్యాటరీ

మా ఇంటికి తలుపు ఒక్కటే. ఆ తలుపు పక్కన గోడలో ఒక గూడు. పార్సిళ్లు పంచే నా బండి బ్యాటరీని రోజూ విప్పి తెచ్చి ఆ గూట్లోనే చార్జింగు పెట్టేవాణ్ని. కొలిచి కట్టినట్టు సరిగ్గా పట్టేది. "ఈ కొంపలో ఇన్నాళ్లకి ఒక వస్తువుకి చోటు దొరికింది" అని మా ఆవిడ మురిసిపోయింది కూడా.

ఆ ఉదయం లాగితే రాలేదు. గోడకు కాలు తన్నిపెట్టి లాగాను. ఊహూఁ. వంగి చూస్తే, అజీర్తి చేసిన పొట్టలా ఉబ్బి, రెండు పక్కలా గోడను ఒరుసుకుని కూర్చుంది. ముట్టుకుంటే వేడిగా ఉంది. మగ్గిన పండు వాసన వేస్తోంది. ప్లగ్గు పీకేసి బ్యాటరీ కంపెనీకి ఫోన్ చేశాను.

"లాగకండి, పొడవకండి. అంటుకుంటే బిందెడు నీళ్లకు ఆరదు. వెంటనే బయట ఖాళీ స్థలంలో పెట్టండి" అంది అవతలి అమ్మాయి.

"లాగకుండా బయట ఎలా పెట్టాలమ్మా?"

"మీ ఫిర్యాదు నమోదైంది సార్."

నన్ను సార్ అనేది ఇలాంటివాళ్లే. అదీ పని జరగనప్పుడే. ఫైరింజను వాళ్లకు చేస్తే మంట ఉందా అని అడిగారు. లేదన్నాను. వస్తే చెప్పమన్నారు.

నా ప్రాణం గురించి కాదు నా భయం. లోపలి గదిలో నాన్న ఉన్నాడు. తుంటి ఎముక విరిగి మంచానికి అంటుకుపోయాడు. కిటికీకి ఇనప ఊచలు. దొంగలొస్తారని ఇంటాయన బిగించాడు, ఏం దోచుకుపోదామనో! ఇక ఆ గూటి పక్కనుంచే నాన్నను దాటించాలి.

"నాన్నా, ఎత్తుకుపోతాం. ఓర్చుకో."

"ఎత్తుకుపోవడానికి నలుగురు కావాలిరా. మీరిద్దరే ఉన్నారు. ఇంకా వేళ కాలేదు."

"వేళాకోళం కాదు, అది పేలుతుంది."

"అయితే దాన్నే పంపించు. ఈ ఇంట్లోకి ముందొచ్చింది నేను."

అయినా దుప్పటితో ఎత్తబోయాం. ఆయన పెట్టిన కేకకు చేతులు వాటంతటవే వదిలేశాయి.

మా ఆవిడ వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసింది. తాపీమేస్త్రి. సంచీతో వచ్చి, గూట్లోకి తొంగిచూసి, "ఏం బావా, దీనికి నెలలు నిండినట్టున్నాయే! మంత్రసానిని పిలవాలిగానీ మేస్త్రిని పిలిచావేంటి?" అన్నాడు.

"నోరు మూసుకుని తియ్యరా."

"దీన్ని తియ్యకూడదు. దీని చుట్టూ ఉన్న గోడని తియ్యాలి. వెనక మెట్ల వైపు ఒక్క ఇటుకే మందం."

దెబ్బ తగిలితే ప్రమాదమని సుత్తి పక్కన పడేశాడు. పాత సున్నపు గోడ. అట్టు మాడిన పెనం గీకినట్టు ఉలితో ఇటుకల సందులు గీకుతూ కూర్చున్నాడు. ఇటుక వదులైనప్పుడల్లా బ్యాటరీ లోపల టిక్కుమనేది. వాడి చెయ్యి ఆగేది. నా ఊపిరి ఆగేది.

ఇంటాయన మెట్లు దిగొచ్చాడు. "గోడ పగలగొడుతున్నారా? ఇల్లు ఖాళీ చెయ్యండి!"

"ఈ గోడ ఇలాగే ఉంటే ఎలాగూ ఖాళీ అవుతుందండీ, మనుషులతో సహా" అన్నాను. ఆయన గూట్లోకి చూసి, గబగబా మెట్లెక్కి తన పెళ్లాం పిల్లల్ని వీధిలోకి తోలుకొచ్చాడు.

చివరి ఇటుక రాగానే బ్యాటరీ వదులై మెట్ల వైపు ఒరిగింది. ఇసుక పోసిన తట్టలోకి చంటిపిల్లను దించినట్టు దించాం. వీధి చివర ఖాళీ స్థలం దాకా నేనే మోశాను.

అక్కడితో పీడ విరగడైందనుకున్నాను. చెత్తబండివాడు ఆగి చూశాడు. "తడిచెత్తా? పొడిచెత్తా?"

"కాలే చెత్త."

"నా బండి తగలబెట్టుకోమంటావా అన్నా?" అని పోయాడు. పాతసామాన్ల కొట్టువాడు దూరం నుంచే వద్దని చెయ్యి ఊపాడు. కంపెనీ వాళ్లేమో, పాతది అప్పగిస్తేనే కొత్తది ఇస్తామన్నారు. తెస్తానంటే, ఉబ్బినదాన్ని ఆఫీసులోకి రానిచ్చేది లేదన్నారు. బ్యాటరీ లేనిదే బండి లేదు, బండి లేనిదే పొయ్యి లేదు.

"కాలవలోకి తోసెయ్ బావా. అందరూ చేసేది అదే" అన్నాడు బావమరిది.

"ఆ కాలవ నీళ్లేరా మన కుళాయిలో వచ్చేది."

"ఇన్నాళ్లూ తాగట్లేదా?"

నిజమే. తాగుతూనే ఉన్నాం. తట్ట వైపు చెయ్యి చాచాను కూడా. లోపల మళ్లీ టిక్కుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వాడు తల గోక్కుని, మెట్ల వైపు కన్నం పూడ్చడానికి వెళ్లిపోయాడు.

మోసుకుపోదామంటే తీసుకునేవాడు లేడు. వదిలేసి పోదామంటే, బడి వదిలితే పిల్లలంతా ఆడుకునేది ఇక్కడే.

మధ్యాహ్నం మా ఆవిడ వచ్చింది. "మామయ్య నిద్రపోయారు. మీరు రారా?"

"ఎలా రమ్మంటావు?"

తట్ట వైపు చూసింది, నా వైపు చూసింది. ఇంటికెళ్లి, కుర్చీ తెచ్చి నా పక్కన వేసింది. కుర్చీ మీద ఒక దుప్పటి కూడా ఉంది.