చిన్న రాడ్డుకు కట్టిన దారం

నీలవేణి ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. సంతలో ఉప్పు కొన్నా నాలుక మీద వేసుకుని చూస్తే గానీ మూట కట్టనివ్వదు. అలాంటి మనిషికి, తన చేత్తో కట్టిన దారం ముడి మారిపోయి కనిపిస్తే ఊరుకుంటుందా?

ఆ దారం ఉన్నది ఆమె మొగుడు ఫల్గుణ జీపులో. అనంతగిరి పైన కొండల్లో ఉన్న వాళ్ల ఊరికి అదొక్కటే బండి. ఎప్పుడో మిలటరీ వాళ్లు వేలం వేసిన జీపు. పెద్ద గేరు రాడ్డు పక్కన దానికి ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. ఆ చిన్నదాన్ని వెనక్కి లాగితే ముందు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, నాలుగు చక్రాలూ కలిసి లాగుతాయి. చాలాకాలం ఆ రాడ్డు తుప్పు పట్టి కదల్లేదు. అందుకని జీపు ఊరి కింద పారే గెడ్డ దగ్గరే ఆగిపోయేది.

తారురోడ్డు మలుపులో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ వరహాలరావు, చైత్రంలో కొండ ఊళ్లు చేసుకునే ఇటుకల పండక్కి ముందు దాన్ని బాగుచేసి పెట్టాడు. పండగ రోజున ఫల్గుణ ఆ రాడ్డు లాగితే జీపు గెడ్డ దాటి, ఎర్రమట్టి మిట్ట ఎక్కి, మొదటిసారి ఊరి నడిమధ్యకు వచ్చి నిలబడింది. పిల్లలు కేకలు పెట్టారు. ముసలివాళ్లు దండం పెట్టారు. పూజ చేసే దిసారి సుక్రు పసుపు దారం తెచ్చి, రాడ్డు లాగి ఉన్నది లాగి ఉన్నట్టే, సీటు కింది ఇనుప కమ్మీకి కలిపి కట్టేశాడు.

"కొండమ్మ బలం ఇందులో దిగింది. దీన్ని ఇప్పకండి," అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి సంతకూ ముందు నీలవేణి ఆ దారానికి పసుపు రాసి, కొత్తగా ముడి వేసేది. రెండు మెలికలు తిప్పి కొసను లోపలికి దోపే ముడి ఆమెది. ఎప్పుడూ తెల్లవారుజాము చీకట్లోనే పాత ముడి విప్పేసేది. తీరా ఆ వారం సంతకు ముందు రోజు వెలుగులో చూస్తే, మేకను గుంజకు కట్టినట్టు ఎవరో మోటుగా వేసిన ముడి ఉంది.

ఆమె అనుమానం నేరుగా వరహాలరావు మీదికి పోయింది. పోదా మరి? ఆ మైదానం మనిషికి ఆ జీపు మీద కన్ను ఉందని ఊరందరికీ తెలుసు. ఎప్పుడు కనిపించినా, "చెల్లెమ్మా, జీపు అమ్మితే మాత్రం నాకే అమ్మాల," అని పళ్లికిలిస్తాడు. జీపు పోతే మళ్లీ డోలీయే గతి. నీలవేణి తల్లి డోలీలోనే, గెడ్డ ఒడ్డునే, ఆసుపత్రి ముఖం చూడకుండా పోయింది. అప్పుడు ఆ డోలీ కర్రను ఒక పక్క భుజాన మోసింది ఫల్గుణే. అందుకే ఆమెకు ఆ జీపంటే ప్రాణం.

అంతకు ముందు సంత రోజు జరిగింది కూడా ఆమెకు గుర్తొచ్చింది. మట్టిదారి దిగి తారురోడ్డు ఎక్కేచోట ఈశ్వరమ్మ టీ పాక ఉంటుంది. ఈమధ్య అక్కడికి రాగానే ఫల్గుణ, "ఇంజను సల్లారాల, అందరూ టీ తాగి రండి," అని జనాన్ని దింపేస్తున్నాడు. తను మాత్రం దిగడు. ఆ రోజు గ్లాసు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే, ఫల్గుణా వరహాలరావూ జీపులోకి తలలు దూర్చి గుసగుసలాడుతున్నారు. ఈమె దగ్గరికి రాగానే ఇద్దరూ నోళ్లు మూసేశారు.

"ఏటి సేత్తన్నారు?" అని అడిగింది.

"ఏటీ లేదు," అన్నాడు ఫల్గుణ. మొగుడు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయని ఆమెకు పెళ్లైన కొత్తలోనే తెలుసు.

అంటే బేరం అయిపోయిందన్నమాట. అమ్మవారి కట్టు విప్పేసి, జీపు పాడైందని ఊరిని నమ్మించి, ఆ మైదానం వాడికి అప్పగించే ఎత్తు. అయినా మొగుణ్ణి నిలదీయలేదు. నిలదీస్తే ఇంకో అబద్ధం పుడుతుంది.

సంత రోజు తెల్లవారగానే లేచి, అడ్డతీగ నార తడిపి తెచ్చింది. అడవి నుంచి కట్టెల మోపులు కట్టి తెచ్చే నార అది, ఆరితే బిగుసుకుపోతుంది. చిన్న రాడ్డునూ ఇనుప కమ్మీనీ కలిపి ఆ నారతో చుట్టి చుట్టి కట్టింది. పైన పసుపు దారం చుట్టింది. ఇప్పుడు విప్పండిరా చూస్తాను అనుకుంది.

జనం ఎక్కారు. చింతపండు బుట్టలు, కొండచీపుళ్లు ఎక్కాయి. నీలవేణి కూతురు గాయత్రిని ఒళ్లో పెట్టుకుని మొగుడి పక్క సీట్లో కూర్చుంది. మట్టిదారి దిగినంతసేపూ జీపు నాలుగు కాళ్లతో నేలను పట్టుకుని బుద్ధిగా దిగింది. టీ పాక దగ్గర ఫల్గుణ ఎప్పటిలాగే అందరినీ దింపాడు.

"నువ్వూ దిగు, నీలా. గుంటకి పాలు పట్టించు."

"నాకొద్దు. దానికీ ఒద్దు."

ఫల్గుణ చెయ్యి కిందికి పోయింది. నార తగిలింది. కిందికి వంగి చూసి, భార్య ముఖం చూశాడు. ఆమె కళ్లు నిప్పులు కురిపిస్తున్నాయి. ఇంతలో వరహాలరావు షెడ్డులోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏటయ్యా, సిన్న రాడ్డు ముందుకి తోసేశావా? తారు మీద నాలుగు సక్రాలూ కలిపి ఉంచితే మలుపులో స్టీరింగు తిరగదని సెప్పాను కదా."

"ఇనండర్రా!" నీలవేణి పాకలోని వాళ్లకు వినిపించేలా అరిచింది. "అమ్మోరి కట్టు తెంపమంటన్నాడు! మనం లోయలో పడితే జీపు తునకలు ఏరుకుందామని సూత్తన్నాడు!"

జనం లేచి వచ్చారు. వరహాలరావు గతుక్కుమన్నాడు. ఫల్గుణ చెవులు ఎర్రబడ్డాయి. ఊరంతా చూస్తుండగా అమ్మవారి దారం మీద కత్తి పెట్టడానికి అతనికి చెయ్యి రాలేదు.

"నెమ్మదిగా పోతాలే," అని జీపు తీశాడు.

నెమ్మదిగానే పోయాడు. అయినా మొదటి మలుపులోనే టైర్లు కీచుమన్నాయి. రెండో మలుపులో ఫల్గుణ భుజాలు బిగించి స్టీరింగు తిప్పడం ఆమె చూసింది. రోడ్డు ఎండకు పొడిగా ఉంది, టైర్లు జారే వీలు లేదు. చక్రాలు ఒకదాన్నొకటి తిరగనివ్వకుండా పట్టుకుని లాక్కుంటున్నాయి. టైడా వైపు దిగే ఇరుకు మలుపులో స్టీరింగు సగం తిరిగి మొండికేసింది. ముక్కు తిప్పుకోవలసిన జీపు తిన్నగా పోయింది. ఫల్గుణ బ్రేకు మీద నిలబడ్డాడు. ముందు చక్రం రోడ్డు అంచు రాయిని ఢీకొట్టి ఆగింది. రాయి అవతల చెట్ల తలలు కనిపిస్తున్నాయి, మొదళ్లు కనిపించడం లేదు.

నీలవేణి గాయత్రిని గుండెకు అదుముకుంది.

జనం కొండవైపు నుంచి ఒక్కొక్కరే దిగారు. ఆమె బిడ్డను ఎవరికో అందించింది గానీ, తను దిగలేదు.

"ఆ కట్టు తియ్యాలి, నీలా," అన్నాడు ఫల్గుణ. "మట్టిలో అయితే సక్రాలు జారి సర్దుకుంటాయి. తారు మీద సర్దుకోవు. వరహాలు సెప్పింది నిజం. ఇటుకల పండగ అయిన కాణ్ణించి ప్రతి సంతకీ పాక దగ్గర నేనే ఇప్పుతున్నాను. ఇంటికి పోయేటప్పుడు మళ్లీ అక్కడే కడుతున్నాను."

"ఆ మేక ముడి నీదా?"

"నాకు నీలాగ ముడి రాదు."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు జీపు ఎక్కేదానివా?"

ఆమె అబద్ధం చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. ఎక్కేది కాదు. ఎవరినీ ఎక్కనిచ్చేదీ కాదు. చేజేతులా ఊరిని మళ్లీ డోలీ మీదికి తెచ్చేది. ఇంత అనుమానం పెట్టుకుని, అనుమానించవలసిన తన చేతినే ఆమె ఒక్కసారీ అనుమానించలేదు.

పసుపు దారం విప్పి కొంగులో దాచి, బుట్టలోంచి కొడవలి తీసి నార కోసింది. రాడ్డు తొయ్యబోతే కదల్లేదు.

"బిగుసుకుపోయింది. ఉండు, కొంచెం ఎనక్కి తీత్తాను."

జీపు మూలుగుతూ వెనక్కి జరిగింది. ఆమె మళ్లీ తోసింది. టక్కుమని రాడ్డు ముందుకు పోయింది. ఫల్గుణ స్టీరింగు తిప్పితే ఈసారి తేలిగ్గా తిరిగింది.

తిరుగు ప్రయాణంలో టీ పాక దగ్గర జీపు ఆగింది. ఈసారి ఎవరినీ దింపలేదు. వరహాలరావు షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నీలవేణి అతనికేసి చూసి, "మంచి మాట సెప్పావు బాబూ. జీపు మాత్రం అమ్మం," అంది. తరువాత కొంగులో దాచిన పసుపు దారం తీసి, వెనక కూర్చున్న వాళ్లందరికీ చూపించింది.

"అమ్మ ఇక్కడి దాకే వత్తాది. ఈ తారు మీద మనమే సూసుకోవాల. కిందికి పోయినప్పుడల్లా ఇక్కడ నేనే ఇప్పుతాను."

వెనక కూర్చున్న ముసలివాళ్లు దారానికి దండం పెట్టారు.

ఫల్గుణ చిన్న రాడ్డును వెనక్కి లాగి, ఆమె దారం కట్టడానికి వీలుగా పక్కకు జరిగాడు. ఆమె దాన్ని అతని చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టు."

అతను వంగి, ఎప్పటిలాగే మోటుగా, మేకను గుంజకు కట్టినట్టు ముడి వేశాడు. సంతలో ఉప్పును కూడా నమ్మని ఆ మనిషి దాన్ని లాగి చూడలేదు.