పది నిమిషాల బుకింగు

నేను ఒక సర్క్యూట్ బోర్డును. లిఫ్టు తలుపు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేదాన్ని. నా తోటివి ఇంకో ఐదు తయారయ్యాయి. మా ఆఫీసువాళ్ళు వాటిలో మూడింటిని కాల్చారు, రెండింటిని పోగొట్టారు. మిగిలింది నేను. హైదరాబాదులో ఒక ల్యాబు బల్లకు బిగించి, మెడకు నాలుగు తీగలు తగిలించి, ఊరూరా ఇళ్ళల్లో కూర్చున్న డెవలపర్లు నన్ను పంచుకోవాలన్నారు. పంచుకోవడమట! సిగ్గులేని మాట.

పద్ధతి చెబుతాను. ఎవరికి కావాలంటే వాళ్ళు కంప్యూటరులో నన్ను బుక్ చేసుకోవాలి. పది నిమిషాలు ఊరికే ఉంటే బుకింగు పోయి, నేను తర్వాతివాళ్ళ పరం కావాలి. సీనియరు ఫణీంద్ర దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఐదు నిమిషాలకోసారి నా దీపం వెలిగించి, తన పాత ప్రోగ్రామునే మళ్ళీ నడిపించే చిన్న స్క్రిప్టు రాసి ల్యాబు కంప్యూటరులో వదిలేశాడు. పని నడుస్తున్నట్టే ఉంటుంది. తాను హాయిగా భోంచేసి కునుకు తీసేవాడు. వాడంటే నాకు ఒళ్ళుమంట.

నస్రీన్ కరీంనగర్ నుంచి పనిచేసేది. ఉద్యోగం పర్మినెంటు కావాలంటే ఫణీంద్ర పాత ప్రోగ్రాములో ఉన్న, తలుపులో చెయ్యి పడితే నలిగిపోయే లోపాన్ని సరిచేసి, గురువారంలోగా నా మీద నడిపి చూపించాలి. సరైన ప్రోగ్రామే రాసింది. నేను మాత్రం దొరకలేదు. సోమవారం ఫోన్ చేస్తే ఫణీంద్ర, "ఇంకో పది నిమిషాలమ్మా, అయిపోవచ్చింది" అన్నాడు. మంగళవారమూ పది నిమిషాలే. బుధవారం ఫోనే ఎత్తలేదు.

గురువారం మధ్యాహ్నం ఆ పిల్ల ల్యాబు అటెండరు కొమురయ్యకు ఫోన్ చేసింది.

"అన్నా, ఒక్కసారి ఆ బోర్డు వైరు పీకి పెట్టవా? నీకు దండం పెడ్త."

"దండమెందుకమ్మా, పీకుత. నాకేమన్నా అంటే నువ్వే చెప్పాలె మరి."

పీకాడు, పెట్టాడు. బుకింగు తెగి, నేను నస్రీన్ చేతికి వచ్చాను. నాలో ప్రోగ్రాములకు రెండు అరలున్నాయి. ఆమె తనది రెండో అరలో పెట్టింది. ఇంతలో ఫణీంద్ర స్క్రిప్టు మళ్ళీ వచ్చి నన్ను వాడి ప్రోగ్రామున్న మొదటి అరకు తిప్పేసింది. బుకింగు తెగినా ఆ దయ్యం చావలేదు! ఆమె పరీక్షించింది తన ప్రోగ్రాము అనుకుంది. నడిచింది వాడిది. నాకు తగిలించిన నమూనా తలుపు ఆగలేదు. అరవాలనిపించింది. నాకున్నదల్లా ఒక దీపం, అదీ వాడు వెలిగిస్తేనే వెలుగుతుంది.

ఆమె ఉద్యోగం ఖాయం కాలేదు. ఇంకో మూడు నెలలు చూస్తామన్నారు. ఫణీంద్ర మీటింగులో, "నా ప్రోగ్రాములో తప్పేం లేదండీ, బోర్డే పాడైంది" అన్నాడు. ఒక్కరూ నన్ను విప్పి చూడలేదు. నా మీద 'పనికిరాదు' అని చీటీ అంటించి సొరుగులో పడేశారు. వాడి ప్రోగ్రామును ముందుగా మా ఆఫీసు లిఫ్టులోనే, అందులో ఉన్న పాత బోర్డు మీద ఎక్కించారు.

నెల గడిచింది. ఒక ఉదయం సొరుగు తెరుచుకుంది. కొమురయ్య ఎడమచేత్తో నన్ను తీశాడు. కుడిచేతి నిండా కట్టు. ముందురోజు ఫైళ్ళు మోసుకుపోతుంటే లిఫ్టు తలుపు వేళ్ళను పట్టుకుందట. నన్ను బల్లకు బిగించి, తీగలు తగిలించి, కరీంనగర్‌కు ఫోన్ కలిపాడు.

"అమ్మా, బోర్డు పెట్టిన. పాడైందని ఎవ్వలు బుక్ చేస్తలేరు. నిమ్మలంగ చూస్కో."

"నీ చెయ్యికి ఏమైందన్నా? ఆఫీసుల ఎవరో చెప్పిన్రు…"

"నా చెయ్యి సంగతి తర్వాత. ముందుగాల తలుపు సంగతి చూడు."

ఈసారి ఆమె రెండు అరలూ తెరిచి చూసింది. ఆ గురువారం నడిచింది తన ప్రోగ్రాము కాదని తెలుసుకుంది. తర్వాత ఫణీంద్ర స్క్రిప్టును చెరిపేసి, తన ప్రోగ్రామును నడిపించింది. నమూనా తలుపులో చెక్కముక్క పెట్టి వందసార్లు పరీక్షించారు. అటు ఆమె లెక్కపెడుతోంది, ఇటు కొమురయ్య కట్టు కట్టిన చేతిని నా పక్కన బల్ల మీద ఆనించి చూస్తున్నాడు.

చెక్కముక్క దగ్గర తలుపు వందసార్లూ ఆగింది. కొమురయ్య వేళ్ళ దగ్గరే ఆగలేదు.