ఫోన్‌లో సాంచెల చప్పుడు

పుట్టి మూడు రోజులైనా ఆ పసిది రొమ్ము పట్టలేదు. నోట్లో పెట్టబోతే చాలు, తల తిప్పేసుకుని ఏడుపు. ఖానాపూర్‌లో పదకొండేళ్లుగా ఆశా కార్యకర్తగా తిరుగుతున్నాను, ఇంత మొండిదాన్ని ఎక్కడా చూడలేదు. పిండిన పాలు చెంచాతో పడుతున్నాం.

బాలింత మమతారాణి కాన్పుకి సిరిసిల్ల నుంచి పుట్టింటికి వచ్చింది. సిరిసిల్లలో ఆమె పెనిమిటి నరేశ్ ఒక షెడ్డులో సాంచెలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. తొమ్మిదో నెల దాకా ఆమె కూడా ఆ షెడ్డులోనే కూర్చుని నూలు కండెలు చుట్టింది.

"నేనంటే దానికి ఇష్టం లేదు ఎలీసబెతక్కా," అంది కళ్లు తుడుచుకుంటూ.

"పొద్దుగూకేదాంక చూస్త. గంతే, పట్టకుంటే డబ్బా పాలు తెప్పిస్త," అంది మమత తల్లి దేవవ్వ.

నాకు ఒళ్లు మండింది. "గిన్ని పాలు కారుతుంటే డబ్బా ఎందుకవ్వా? జర ఓపిక పట్టరాదు!" అన్నానే గాని, లోపల నాకూ భయంగానే ఉంది.

మధ్యాహ్నం ఇల్లంతా కునుకులో ఉన్నట్టుంది. తలుపుకు కట్టిన పాత చీర గాలికి ఉబ్బుతోంది, తగ్గుతోంది. అప్పుడే నరేశ్ ఫోన్ చేశాడు. రోజూ బిడ్డ బెదరకూడదని సాంచెలు ఆపి మెల్లగా మాట్లాడేవాడు. ఆరోజు ఆత్రంలో మరిచిపోయాడు. స్పీకర్‌లోంచి టకటకా టకటకా అంటూ షెడ్డు షెడ్డంతా గదిలోకి వచ్చి పడింది.

పసిది ఏడుపు ఆపింది. కళ్లు విప్పి ఫోన్ వైపు తల తిప్పింది.

అయ్యో ప్రభువా! తొమ్మిది నెలలు దాని లోకమంతా ఆ చప్పుడే. మేమేమో ష్ ష్ అంటూ ఇంటిని మూగ చేసి కూర్చున్నాం.

"నరేశూ, సాంచెలు ఆపకు!" అని అరిచాను. బిడ్డ అంగీ విప్పి తల్లి ఒంటికి ఆనించాను. పొట్టకు పొట్ట, రొమ్ముకు గడ్డం తగిలేలా.

"తొందరపడకు మమతా. నోరు పెద్దగ తెరిచినంక దగ్గరికి తీస్కో."

ఎంతసేపు గడిచిందో తెలియదు. గది మెల్లగా నీళ్ల మీద తేలుతున్నట్టు అనిపించింది. పసిది ఆవలించినట్టు నోరు తెరిచి పట్టుకుంది. దవడ కదిలింది. ఒక గుటక, ఇంకో గుటక. నా కళ్లలో నీళ్లు ఆగలేదు.

"ఏమైంది? ఎవ్వరు మాట్లాడ్తలేరేంది?" నరేశ్ పరేషాన్ అవుతున్నాడు. "ఏం ఇనపడ్తలే. సాంచెలు బంద్ చెయ్యాల్నా?"

"వద్దు, నడ్వనియ్యి," అంది మమతారాణి ఏడుస్తూనే. "బిడ్డ నన్ను ఎరుకపట్టింది."