అక్క చెప్పని నొప్పి

పలాస జీడిపప్పు షెడ్డులో పొగ కమ్ముకుని ఉంది, ఆ పొగలోనే సుభాషిణి అక్కను వెతుక్కుంటూ నడుస్తోంది, ఎంత నడిచినా గోడ రావడం లేదు, కాళ్ళకింద గరగరలాడే జీడిపిక్కల గుల్లలు ఉండుండి ఆసుపత్రి గచ్చులా చల్లగా, నున్నగా మారిపోతున్నాయి. రెండేళ్ళ కిందట చనిపోయిన అక్క దమయంతి ఒక మూల పీటమీద కూర్చుని ఎప్పటిలాగే పిక్కలు కొడుతోంది. అక్క బతికి లేదని సుభాషిణికి తెలుసు. అయినా వెళ్ళి పక్కన చతికిలబడుతుంది.

"అక్కా, ఆ నొప్పి నీకెప్పుడు మొదలయ్యింది?"

"ముందు బరువెత్తితే వొచ్చీది. తర్వాత ఊరికే కూకున్నా వొచ్చీది. గేసనుకుని సోడా తాగీదాన్ని."

"నాకొక్క మాట సెప్పనేదేటి?"

"సెప్తే పని మానిపించీదానివి." అక్క తలెత్తదు.

ఇన్నాళ్ళూ అడగాలనుకున్నది అదొక్కటే. జవాబు ఇంత చిన్నదై ఉంటుందని సుభాషిణి అనుకోలేదు. ఈలోగా పొగ పలచబడి మంచాల వరస తేలుతోంది, అక్క పీటమీద కాదు, మంచం అంచున కూర్చుని ఉంది.

"నీకేటంటన్నారే డాక్టర్లు?"

"నాకూ అదే నొప్పి. గుండె నరం పూడుకుపోతందంట, మొత్తం మూసుకోకముందే తెరవాలంట. నాలిక్కింద మాత్ర పెడతన్నారు, రగతం గడ్డకట్టకుండా పొట్టకి ఇంజిక్షన్లు పొడస్తన్నారు. మణికట్టులోంచి సన్న తీగ పంపి, బుడగతో దారి తెరిసి స్టెంటు పెడతారంట. నాను ఒద్దన్నాను. ఆ బల్లమీదే పోతానని బయం."

"ఒలే, నాను బల్లమీద పోనేదు. మనింట్లో, గోడకానుకుని కూకుని పోయాను."

"నన్నూ తీసుకుపో అక్కా."

అక్క లేచి పొగలోకి నడుస్తోంది, కొంగు పట్టుకోబోతే చేతికేమీ తగలడం లేదు.

కళ్ళు తెరిచేసరికి తెల్లవారింది. ఛాతీమీద బండ పెట్టినట్టు అదే బరువు, దవడదాకా లాగుతోంది. కొంచెం నొప్పొచ్చినా పిలవమని నర్సు ముందే చెప్పింది. నిన్న నొప్పి వచ్చినప్పుడు సుభాషిణి పళ్ళబిగువున ఓర్చుకుంది.

"అమ్మా, నొప్పొస్తంది!" అని ఈసారి వార్డంతా వినబడేలా అరిచింది.

నర్సు పరుగున వచ్చి నాలిక కింద మాత్ర పెట్టి, డాక్టరుకు కబురంపింది. ఆయన వచ్చీరాగానే, "ఆ స్టెంటేదో ఏసీయండి బాబూ," అంది సుభాషిణి.

నాడి చూద్దామని కుడి మణికట్టు పట్టుకున్న నర్సు, నల్లగా మాడినట్టున్న వేళ్ళకొసలు చూసి ఆగింది. "ఇదేంటమ్మా, కాలిందా?"

"జీడిసొన. పిక్కలు కొడితే అంటుకుంటాది, ఎంత కడిగినా పోదు." సుభాషిణి కళ్ళు మూసుకుంది. "మా అక్కవీ ఇలాగే ఉండీవి."