నలుగురూ లెక్కేసుకున్న మనిషి

ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, "వేసవిలో ఇంటికి రంగులు వేయిద్దాం. పనివాళ్లు వస్తే ఎవరో ఒకరు ఉండాలి. నువ్వు సెలవు పెట్టెయ్," అన్నాడు. కాఫీ ఉందా అని అడిగినంత తేలిగ్గా అన్నాడు. ఆమె సరే అనలేదు. కాదనీ అనలేదు. ఆ ఇంట్లో ఆమె మాట్లాడకపోతే సరే అన్నట్టే.

అంతకుముందే అత్తగారి మోకాలి ఆపరేషన్ కూడా వేసవికే ఖాయమైంది. తర్వాత నెలన్నర పాటు పక్కన మనిషి ఉండాలని డాక్టరు అంటే, "దానికేముందండీ, మా ఆవిడ ఉంది," అని భర్తే చెప్పి వచ్చాడు. ఆ మర్నాడు కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండా, "అమ్మా, ప్రవేశ పరీక్షకి నేను ఇప్పట్నుంచీ వేసవి అయ్యేదాకా రాత్రుళ్లు చదవాలట. నువ్వు నాతోపాటు మేలుకోవాలట. నాన్న చెప్పారు," అంది. పగలు రంగులు, పగలూ రాత్రీ మోకాలు, రాత్రి చదువు. మూడూ ఒకే వేసవిలో. మూడింటికీ మనిషి ఒక్కతే. ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసినవాళ్లు మాత్రం ఇంట్లో లేరు. కళ్లు మండుతున్నాయి. ఉల్లిపాయల వల్లే అనుకుని ముక్కలు బాణలిలో వేసింది.

భర్త కాలేజీలో పాఠాలు చెబుతాడు. చెడ్డవాడు కాదు. ఆమె ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే, "ఏదో సర్కారు ఆఫీసు. కాగితాలు అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది," అని నవ్వేవాడు. అత్తగారు ఇంకో మెట్టు ఎక్కి, "పొద్దున వెళ్లి సాయంత్రం రావడమే కదా, కూర్చునే పనే," అనేది. ఆమెకు తిరిగి చెప్పే దారి లేదు. ఆమె పనిచేసేది నిఘా విభాగంలో. అక్కడి సంగతి ఇంట్లో ఎత్తనని చేరిన రోజే సంతకం పెట్టింది. అందుకే ఇన్నేళ్లుగా భర్త నవ్వుతుంటే తనూ నవ్వుతూ వచ్చింది. ఒక్కోసారి నిజంగానే నవ్వొచ్చేది. ఇంట్లో ఆమెను గ్యాసు బండ ఎప్పుడు అయిపోతుందో అడుగుతారు. ఆఫీసులో పదేళ్ల తర్వాత దేశానికి ఏ దిక్కు నుంచి ముప్పు రావచ్చో అడుగుతారు. రెంటికీ ఆమె దగ్గర జవాబుండేది. గ్యాసు బండ విషయంలోనే ఎక్కువసార్లు తప్పేది.

ఆ ఆఫీసులో పని ఇలా ఉండేది. రాబోయే పదేళ్లలో ఏమేం తెలుసుకోవాలి, అందుకు ఎలాంటి మనుషులు, ఎలాంటి యంత్రాలు కావాలి అని ఆలోచించేవాళ్లు ఒక అంతస్తులో కూర్చునేవారు. ఏటా డబ్బూ ఉద్యోగాలూ పంచేవాళ్లు పై అంతస్తులో కూర్చునేవారు. మధ్యలో మెట్లున్నాయి. ఎక్కేవాళ్లే లేరు. కింద కన్న కలలకు పైన డబ్బు ఉండేది కాదు. పైన ఇచ్చిన డబ్బుకు కింద కల ఉండేది కాదు. ఆ మెట్లెక్కి దిగడమే ఆమె పని. ప్రతి మాటకూ "పదేళ్ల తర్వాత" అంటుందని అందరూ ఆమెను పదేళ్ల మేడం అనేవారు.

ఆ వారం సరిహద్దు శాఖ, సుంకాల శాఖ, తీర రక్షణ, విదేశాంగం నాలుగూ తమతమ అవసరాలు పంపాయి. కొండల అవతలి జనం మాట్లాడే భాష వినగలిగే మనుషులు తమకున్నారని నాలుగు శాఖలూ ధీమాగా చెప్పాయి. ఆమెకు ఆశ్చర్యమేసింది. ఆ భాష వచ్చినవాళ్లు అంతమంది ఎక్కడున్నారని సరిహద్దు శాఖకు ఫోను చేసింది.

"చెవులమ్మ ఉందిగా మేడం," అన్నాడు అవతలివాడు.

సుంకాల శాఖకు చేసింది. "మాకు చెవులమ్మ ఉంది కదండీ."

"ఆవిడ సరిహద్దువాళ్ల మనిషట కదా?"

"ఎవరన్నారు? మొన్న కూడా మాకే విని పెట్టింది."

మిగతా ఇద్దరూ అదే చెప్పారు. తీర రక్షణవాళ్లయితే, "మా చెవులమ్మ," అన్నారు.

చెవులమ్మ ఉండే గది భవనం అడుగున ఉంది. కిటికీ లేదు. కుర్చీలో పాత దిండు, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, ఒళ్లో సగం అల్లిన ఊలు మేజోడు. చిన్నప్పుడు కొండల దగ్గర పెరగడం వల్ల ఆమెకు ఆ భాష వచ్చింది. అవతలి నుంచి రేడియోలో వచ్చే ప్రతి మాటా ముందు ఆ చెవుల్లో పడాల్సిందే.

"పదేళ్ల మేడంవి నువ్వేనా? కూర్చో. పదేళ్ల తర్వాత నేనెక్కడుంటానో చెప్పు చూద్దాం."

"నాలుగు శాఖల్లో ఉన్నారండీ."

విషయం విని చెవులమ్మ హెడ్‌ఫోన్లు మెడమీదికి జారేదాకా నవ్వింది. "అయితే నాలుగు కుర్చీలు వేయమను. ఇదొక్కటీ కిర్రుమంటోంది, బాగుచేయమంటే ఎవరి శాఖ కుర్చీయో తేలలేదు." తర్వాత మేజోడు పక్కన పెట్టి, "నేను ఈ వేసవికి ఉద్యోగం చాలించి వెళ్లిపోతున్నానమ్మా," అంది.

"వాళ్లకి తెలుసా?"

"జీతాల గుమాస్తాకి చెప్పా. ఆ నలుగురూ అడగలేదు. ఇన్నేళ్లలో ఈ భాష నేర్చుకుంటామని కూడా ఎవరూ రాలేదు."

"నేర్చుకోడానికి ఎంత పడుతుందండీ?"

"మాటలకైతే రెండేళ్లు. వాళ్లు నవ్వుతూ తిడుతున్నారో, తిడుతూ నవ్వుతున్నారో తెలియడానికి ఏడేళ్లు."

పైకి వస్తూ ఆమె మెట్ల మధ్యలో ఆగిపోయింది. డబ్బు ఒక ఏడాదికిస్తారు. చెవి తయారవడానికి ఏడేళ్లు కావాలి. ఈ ఏడాది మొదలుపెట్టకపోతే అప్పటికి మాటలు వస్తూనే ఉంటాయి, వినేవాళ్లుండరు. నలుగురూ ఒక్క మనిషినే లెక్కేసుకుని నిశ్చింతగా ఉన్నారు. ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. ఆ మనిషిని అడిగినవాళ్లు అసలే లేరు. ఇంత తెలివైనవాళ్లు ఇలా ఎలా చేశారా అనుకుంటుండగా రంగులూ, మోకాలూ, చదువూ గుర్తొచ్చాయి. ఇంట్లో తనే చెవులమ్మ. దిండైనా లేని చెవులమ్మ. గోడ పట్టుకుని నవ్వేసింది. మెట్లు ఊడ్చే ఆవిడ చీపురు ఆపి, "జీతం పెంచారా అమ్మా?" అని అడిగింది.

రెండ్రోజుల తర్వాత నలుగురు శాఖాధిపతులూ పెద్దాయన గదిలో కూర్చున్నారు. పెద్దాయనంటే విభాగం అధిపతి. తీర రక్షణ అధికారి కిటికీ పక్కనే కూర్చుని, బల్ల అవతల ఉన్న ఆమెతో, "మేడం, ఆ కిటికీ కాస్త వేస్తారా," అన్నాడు.

"మీకే దగ్గరండీ," అంది ఆమె. ఆయన కిటికీని కొత్తగా చూసినట్టు చూసి వేశాడు.

"వేసవి అయ్యాక మొదటి సోమవారం చెవులమ్మగారు ఎవరి దగ్గర పనిచేస్తారు?" అని ఆమె అడిగింది.

"మా దగ్గరే," అని నలుగురూ ఒక్కసారే అన్నారు. అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఎవరి దగ్గరా ఉండరండీ. వెళ్లిపోతున్నారు."

"మాకెవరూ చెప్పలేదే," అన్నాడు సుంకాల అధికారి.

"మీరెవరూ అడగలేదటండీ."

నలుగురూ వచ్చే ఏడాది తమకొచ్చే కొత్త ఉద్యోగాల్లో రెండేసి వదులుకుంటే, ఆ భాష నేర్పే బడి ఒకటి పెట్టవచ్చని ఆమె చెప్పింది. తీర రక్షణ అధికారి, "మాకు ముందు పడవలు కావాలి మేడం. చెవులు తర్వాత చూద్దాం," అన్నాడు.

"పడవ ఎటు తిప్పాలో ఎవరో ఒకరు విని చెప్పాలి కదండీ."

"ఏడేళ్లకి నేను ఇంట్లో మనవరాలిని ఎత్తుకుని తిరుగుతుంటా," అన్నాడు సుంకాల అధికారి.

"మీ కుర్చీ ఇక్కడే ఉంటుందండీ. అందులో కూర్చునేవాళ్లు మనల్ని తిట్టుకోకూడదు."

విదేశాంగం ఆయన ముందు నవ్వాడు. తర్వాత రెండు ఉద్యోగాలు వదిలాడు. ఒకరు వదిలాక మిగతావాళ్లకు పరువు సమస్య వచ్చింది. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని, "ఇక నుంచి పదేళ్ల కోరిక ఏదైనా సరే, ఆ పని చేసే మనిషెవరో, ఏ ఏడాది ఖర్చు ఎవరు పెట్టుకుంటారో చెప్పకపోతే లోపలికి రాదు," అన్నాడు. ఆమె వైపు తిరిగి, "బడి మీరే నడపాలి. ఊరి బయట శిక్షణ కేంద్రంలో వేసవిలో మొదలవుతుంది. మొదటి మూడు నెలలు అక్కడే ఉండాలి. సోమవారానికల్లా చెప్పండి. మీరు కాదంటే వచ్చే ఏడు చూద్దాం," అన్నాడు. వచ్చే ఏడంటే చెవులమ్మ ఉండదు. బడీ ఉండదు. "పాఠాలెవరు చెబుతారు?" అని ఆయనే అడిగాడు.

"చెవులమ్మగారండీ," అంది తడుముకోకుండా.

అదే ఊపులో కిందికి దిగి కబురు చెప్పింది. చెవులమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"బాగుంది. నన్నడిగావా?"

ఇందాక ఆమె నలుగురు మగాళ్లను నిలబెట్టి కడిగింది. కడిగిన చేత్తోనే ఐదో లెక్క తను వేసింది. ఎంత ప్రేమగా వేసినా లెక్క లెక్కే. భర్త కూడా ప్రేమగానే అంటాడు, మా ఆవిడ ఉంది అని. పనికొచ్చే మనిషి కనబడితే చాలు, ఆ మనిషికి ఒక వేసవి ఉంటుందని, అందులో ఏదో చేయాలని ఉంటుందని ఎవరికీ తోచదు. ఆడదాన్ని, అన్నీ పడ్డదాన్ని, నాకు కూడా తోచలేదు అనుకుంది. చెవుల దాకా వేడెక్కింది.

"తప్పయిందండీ. ఇప్పుడు అడుగుతున్నా. వస్తారా?"

చెవులమ్మ ఆమెను కాసేపు ఏడిపించాలని చూసి, ఓపిక చాలక నవ్వేసింది. "వారానికి మూడు రోజులు. పొద్దున పూట మాత్రమే. మధ్యాహ్నం నిద్రపోవాలి, ఇన్నేళ్లూ ఇక్కడ కళ్లు తెరుచుకుని పడుకున్నా. గదికి కిటికీ ఉండాలి. కుర్చీ కిర్రుమనకూడదు."

ఆదివారం భోజనాల దగ్గర ఆమె వడ్డించి తనూ కూర్చుంది. అందరితోపాటు కూర్చోవడం చూసి అత్తగారు, "ఏంటి, ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

"బాగానే ఉంది అత్తయ్యా. నాకు వేసవిలో మూడు నెలలు ఊరి బయట పని పడింది. పెద్ద పని. నేను వెళ్లకపోతే ఆగిపోతుంది."

"అక్కడ కూడా కాగితాలేనా?" అన్నాడు భర్త నవ్వుతూ.

ఈసారి ఆమె నవ్వలేదు. "అత్తయ్యా, వేసవిలో ఆపరేషన్ చేయించుకోవడం మీకిష్టమేనా?" అని అడిగింది.

అత్తగారు ముందు కొడుకు వైపు చూసింది. అలవాటు. తర్వాత కంచం వైపు చూసి, "నన్నెవరడిగారే. వాడికి వీలని తేదీ తీసుకున్నాడు. ఆ ఉక్కలో కాలికి కట్టుతో పడుకోవాలంటే భయంగా ఉంది. చలికాలం అయితే నయం. అదీ ఆ పక్కవీధి డాక్టరమ్మ చేస్తేనే. ఈ డాక్టరు నా మోకాలితో మాట్లాడతాడు గానీ నాతో మాట్లాడడు," అంది. అంత పొడుగు మాట ఆవిడ తన సొంత సంగతి గురించి చెప్పగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు కొడుకు.

"ఇప్పుడు చెప్పానుగా."

"నువ్వేమంటావే?" అని ఆమె కూతుర్ని అడిగింది.

"నాకు రాత్రి చదివితే ఒక్క ముక్క ఎక్కదమ్మా. నువ్వు మేలుకుంటావు కదా, పడుకుంటే బాగోదని కూర్చుంటున్నా. నాకు తెల్లవారుజామున అయితే బాగుంటుంది. ఒక్కదాన్నే లేస్తాను."

"నువ్వు నా కోసం కూర్చున్నావా? నేను నీ కోసం కూర్చున్నానే," అంది ఆమె. ముందు అత్తగారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి కూతురికి, ఆమెకూ వచ్చింది. భర్త మాత్రం మజ్జిగ గిన్నె చేతిలో పట్టుకుని ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు.

ఆమె చేయి కడుక్కుని పక్క గదిలోకి వెళ్లింది. సోమవారం దాకా ఆగబుద్ధి కాలేదు. పెద్దాయనకు ఫోను చేసి, "బడికి నేను వస్తున్నానండీ," అంది. ఆయన ఇంట్లో అడిగారా అన్నాడు. "అందరినీ అడిగానండీ," అని ఫోను పెట్టేసింది.

తిరిగి వచ్చేసరికి భర్త ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. "అంతా బాగానే ఉంది. మరి రంగులవాళ్లు వస్తే ఇంట్లో ఎవరుంటారు?" అన్నాడు.

అత్తగారు, కూతురు, ఆమె ముగ్గురూ అతని వైపే చూశారు. అతను వెనక్కి తిరిగి తన వెనక ఎవరున్నారా అని చూశాడు. రంగు వెలిసిన గోడ తప్ప ఎవరూ లేరు.