సీసాలో నీళ్లు, చేతిలో చీపురు

మట్టికి కాళ్లు లేవంటారు గానీ, వాన రోజున ఏదైనా కట్టడం పక్కన అరగంట నిలబడి చూడండి. పునాది గుంట దగ్గర బయల్దేరిన మట్టి గేటు దాటుతుంది, రోడ్డెక్కుతుంది, లారీ చక్రాలు పట్టుకుని నాలుగు వీధులు షికారు చేస్తుంది, చివరికి కాలువలో దూరి చెరువులో తేలుతుంది. దాన్ని పట్టుకోవడానికే నగరపాలక సంస్థ ఒక మనిషిని జీతమిచ్చి పెట్టుకుంది. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, అంతవరకే. కట్టడాల దగ్గర మాత్రం అందరూ బురద మేడమ్ అంటారు. చాటునే కాదు, ఎదురుగా కూడా.

బురద మేడమ్‌కి జాలి లేదని మేస్త్రీలందరిదీ ఒకే మాట. కట్టే స్థలం చుట్టూ నల్లగుడ్డ కంచె వేయాలి, దాని కింది అంచు జానెడు లోతున మట్టిలో పాతాలి. గేటు దగ్గర పెద్ద కంకర పరచాలి, చక్రాలకంటిన బురద అక్కడే రాలిపోవాలి. పల్లంలో ఉన్న కాలువ జాలీలకు వడపోత గుడ్డ కట్టాలి. ఇదీ రూలు. ఆవిడ వచ్చీ రావడంతో వంగి, రెండు వేళ్లతో కంచె గుడ్డ పట్టుకుని లాగుతుంది. ఊడి వచ్చిందా, నోటీసే. మిట్ట మీద కొత్త గ్రంథాలయం కడుతున్న మేస్త్రీకి ఒక్క ఏడాదిలో మూడు నోటీసులు పడ్డాయి. కలలో కూడా ఆ రెండు వేళ్లే కనబడుతున్నాయని ఆయన భార్య దగ్గర వాపోయాడట.

ఆ గ్రంథాలయానికి సరిగ్గా దిగువన బండల మైదానం ఉంది. ఊరి నడిబొడ్డున, చుట్టూ మెట్లతో, నాపరాళ్లు పరిచిన నలుచదరపు ఖాళీ. దానికీ ఓ రూలుంది. ఎవరైనా సరే, ఏడాదికొకసారి ఒక గంటసేపు అక్కడ పాడుకోవచ్చు, ఆడుకోవచ్చు, ఉపన్యాసం దంచుకోవచ్చు. దరఖాస్తు పెట్టుకుని వంతు కోసం కాచుకోవాలి. కాకపోతే, కార్యక్రమానికి అరగంట ముందు బండల మీద బురద గానీ నిలవనీరు గానీ కనబడితే ఆ గంట రద్దు. రద్దయినవాళ్లు మళ్లీ వరస చివరికి పోవాలి. అంటే, పై ఏడాది దాకా ఆ మాటే లేదు.

ఈ శనివారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఆ గంట బురద మేడమ్ మేనత్తది.

అత్త ముప్ఫై ఏళ్లు ఆ బండలు ఊడ్చిన మనిషి. ఊరు నిద్ర లేవకముందే చీపురు పట్టుకుని దిగేది. ఊడుస్తూ పాడేది. ఎవరో రాసిన పాటలు కావు. చీపురు కిందికి ఏమొస్తే దాని మీద పాట కట్టేది. చిరిగిన టికెట్టు, విరిగిన దువ్వెన, జత తప్పిన చెవిపోగు, అన్నిటికీ ఆవిడ దగ్గర తలో పాట ఉంది. తల్లి లేని మేనకోడల్ని పెంచింది ఆవిడే. ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చుకుని, దుప్పటి చుట్టి మెట్ల మీద కూర్చోబెట్టేది. బురద మేడమ్ అంకెలూ వారాలూ నేర్చుకున్నది ఆ పాటల్లోనే.

నెల కిందట అత్త గొంతులో గడ్డ ఉందని తేలింది. సోమవారం ఆపరేషన్. ప్రాణానికి ఢోకా లేదనీ, గొంతుకి మాత్రం హామీ ఇవ్వలేననీ డాక్టరు చెప్పాడు. మేనకోడలికి కాళ్ల కింద నేల కదిలింది. అత్త మాత్రం సోమవారం శనివారానికి ముందొస్తుందా తర్వాతొస్తుందా అని అడిగింది. తర్వాతేనని తెలిశాక, అయితే సరే అంది.

"ముప్ఫై ఏళ్లు పాడానే అక్కడ," అంది ఇంటికొచ్చాక. "ఒక్క మనిషి వినలేదు. పావురాలు విన్నాయి. వాటికి చప్పట్లు కొట్టడం రాదు."

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంట్లో సాధన చేద్దామని గది మధ్యలో నిటారుగా నిలబడితే అత్తకు పాట రావడం లేదు. నోరు తెరుస్తుంది, దగ్గుతుంది, మూస్తుంది. వంటపని చేస్తూ మాత్రం భేషుగ్గా పాడుతుంది. అంతమంది ముందు నోరు పెగలదేమోనని ఆవిడ భయం. మేనకోడలిది మరో భయం. వాన.

భయపడ్డట్టే శనివారం మధ్యాహ్నం రెండింటికి మబ్బుకి చిల్లు పడింది. గంటన్నర దంచికొట్టి ఆగింది. బురద మేడమ్ మోకాలి బూట్లు తొడుక్కుని పరుగున మైదానానికి చేరింది. బండలు కనబడటం లేదు. ఈ మెట్ల నుంచి ఆ మెట్ల దాకా చీలమండ లోతున నీళ్లు నిలిచి ఉన్నాయి. అయిపోయింది, పైనుంచి బురదంతా దిగిపోయింది అనుకుంది. ఆ మేస్త్రీని ఈసారి నోటీసుతో వదిలితే ఒట్టు అని పళ్లు నూరుకుంది కూడా.

మేస్త్రీ మాత్రం గట్టు మీద పెళ్లికొడుకులా వెలిగిపోతూ నిలబడి ఉన్నాడు.

"ఈసారి చూడండి మేడమ్. ఒక్క చుక్క బురద దాటలేదు. కంచె గుడ్డ జానెడు కాదు, మూరెడు పాతించా. జాలీలకు రెండేసి పొరలు కట్టించా. మనం కట్టాల్సినవి మూడే అయినా, ఎందుకైనా మంచిదని మైదానంలోవి ఎనిమిదీ వదల్లేదు."

అదీ సంగతి. ఎనిమిది జాలీలకు రెండు పొరల గుడ్డ, చుట్టూ కంకర సంచుల దడి. బురద రాలేదు సరే, మైదానంలో పడ్డ మంచి వాననీళ్లు ఎటు పోవాలి? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. తిట్టడానికి నోరు తెరిచిన బురద మేడమ్ అంతలోనే మూసేసింది. మూడు నోటీసులిచ్చి ఆ మనిషిని ఇంత బెదరగొట్టింది ఎవరు? తన రెండు వేళ్లు చేసిన నిర్వాకమే ఇది. ఎవరి మీద అరవాలి?

ఆ నీళ్లు దిగకపోతే మేడమ్ అత్త గంట రద్దవుతుందని తెలిశాక మేస్త్రీ మొహం పాలిపోయింది. రెండు నిమిషాల్లో గుడ్డలు పీకించేస్తాననీ, మూడో కంటికి తెలియనివ్వననీ గొంతు తగ్గించి బతిమాలాడు. ఆవిడకూ చెయ్యి దురద పెట్టింది. కానీ ఒకసారి కట్టిన గుడ్డ తీయాలంటే నీళ్లు తేటగా ఉన్నాయని పరీక్ష చేసి అధికారి సంతకం పెట్టాలి. ఆ కాగితంలో చివరి వాక్యం ఇది: ఇందులో లాభం పొందేవారెవరూ నాకు బంధువులు కారు. అది చదవనట్టు సంతకం పెట్టేస్తే సరిపోయేది. ఊరందరికీ రూలు చెప్పి, మన ఇంటి దాకా వచ్చేసరికి కళ్లు మూసుకోవడమా అని ఒక మనసు. సోమవారం తర్వాత ఇక పాట ఉంటుందో లేదో అని ఇంకో మనసు. ఆవిడ నలుగుతూ అలాగే నిలబడింది.

అప్పటికే అత్త వచ్చేసింది. ఇస్త్రీ చేసిన నీలం చీర కట్టుకుని, గొడుగు మూసి పక్కన పెట్టి, పై మెట్టు మీద కూర్చుని అంతా వింది.

"నువ్వు పెట్టకే సంతకం," అంది నెమ్మదిగా. "దొంగతనంగా వచ్చిన గంటలో నాకు పాట రాదు."

ఇక ఆ సంతకం పెట్టగలిగిన అధికారుల్లో మిగిలింది ఇంజినీరు గారొక్కరే. ఆఫీసులో ఆయన్ని స్కేలు సారు అంటారు. రాసిన ప్రతి పంక్తి కిందా స్కేలు పెట్టి గీత గీస్తాడు, జీవితాన్నీ అలాగే గీసుకున్నాడు. ఆయనకు ఫోన్ చేసి, దాచకుండా అంతా చెప్పింది. దరఖాస్తు తన అత్తదనీ, అందుకే తను సంతకం పెట్టననీ కూడా చెప్పింది. సెలవు రోజున కాలు బయట పెట్టని మనిషి, వస్తున్నానన్నాడు.

నాలుగుంపావుకి గొడుగుతో దిగాడు. పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. గాజు సీసాలో ఆ నీళ్లు నింపాలి, వెనక అచ్చుకాగితం పెట్టాలి. సీసాలోంచి అక్షరాలు చదవగలిగితే నీళ్లు వదలొచ్చు. చదవలేకపోతే మట్టి అడుక్కి దిగేదాకా, అంటే రేపటిదాకా ఆగాలి. ఆయన తనే వంగి సీసా నింపాడు. అచ్చుకాగితం ఏదని అడిగితే, అత్త తన సంచిలోంచి ఆ గంట తాలూకు అనుమతి పత్రమే తీసి ఇచ్చింది. ఆయన సీసా వెనక దాన్ని పెట్టి, కళ్లు చికిలించి, అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"ఏమీ కనబడటం లేదు," అన్నాడు.

మేస్త్రీ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. బురద మేడమ్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లలో మొదటిసారి రూల్ అనే మాట మీదే అసహ్యం వేసింది. నీళ్లు తేటగానే ఉన్నాయని ఆవిడ కంటికి తెలుస్తోంది, కానీ ఈ పూట ఆవిడ కన్ను లెక్కలోకి రాదు.

అత్త మాత్రం కదలకుండా ఆయన్నే చూస్తోంది. "అయ్యా," అంది, "సీసా పక్కన పెట్టి ఒకసారి చదవండి."

ఆయన సీసా పక్కన పెట్టాడు. కాగితం దగ్గరగా తెచ్చుకున్నాడు, దూరంగా జరిపాడు. జేబు తడుముకున్నాడు. హడావిడిలో గొడుగైతే తెచ్చాడు గానీ కళ్లద్దాలు ఇంట్లోనే వదిలేశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. అత్త తన కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి అందించింది. ఆయన అవి పెట్టుకుని, మళ్లీ సీసా ఎత్తి, వెనక ఉన్నది బడిపిల్లాడిలా బిగ్గరగా చదివాడు.

"కార్యక్రమం, పాట. సమయం, ఒక గంట. వాయిద్యాలు, లేవు." సీసా దించాడు. "వదలండి నీళ్లు."

మేస్త్రీ మనుషులు ఎనిమిది జాలీల మీదా ఒక్కసారి పడ్డారు. గుడ్డలు లేచాయి, నీళ్లు గుడగుడమంటూ సుడులు తిరుగుతూ దిగాయి. బురద మేడమ్ ఛాతీ మీద కూర్చున్న బండ కూడా వాటితో సగం దిగింది. మిగతా సగం ఎందుకు దిగలేదంటే, గడియారంలో ఇంకా ఏడు నిమిషాలే ఉన్నాయి. అరిగిన బండల గుంటల్లో నీళ్లు మడుగులు కట్టి నిలిచాయి. నిలవనీరంటే నిలవనీరే, స్కేలు సారు దగ్గర గుంటకో రూలు ఉండదు. గ్రంథాలయం నుంచి చీపుర్లు వచ్చాయి. కూలీలు దిగారు, బురద మేడమ్ దిగింది, చివరికి మేస్త్రీ కూడా పంట్లాం ఎగ్గట్టి దిగాడు. వాళ్ల ఊడుపు చూసి అత్తకు ఒళ్లు మండింది.

"నెడతారేంటయ్యా, లాగాలి," అంటూ ఒకడి చేతిలోంచి చీపురు లాక్కుంది.

సర్రు, సర్రు. ముప్ఫై ఏళ్ల చెయ్యి. ఏ గుంట ఎక్కడుందో, ఏ బండ ఎటు వాలి ఉందో ఆ చేతికి తెలుసు. మూడో అడుగుకే పాట వచ్చేసింది. పాడుతున్నానని ఆవిడకే తెలియదు. నాలుగున్నర కొట్టేసరికి మైదానంలో చెంచాడు నీళ్లు లేవు. స్కేలు సారు నాలుగు మూలలా తిరిగి చూసి, కాగితం మీద 'శుభ్రం' అని రాసి, కింద గీత గీశాడు.

ఐదింటికి మెట్లు సగం నిండాయి. మేస్త్రీ మనుషులు, పనులు ముగించుకుని ఇళ్లకు పోతున్నవాళ్లు, వాన వెలిసిందని బయటికొచ్చినవాళ్లు. అత్త చీపురు పక్కన పెట్టి, మధ్యలో నిటారుగా నిలబడింది. నోరు తెరిచింది. దగ్గింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఒక్క మాట రాలేదు. ఇంత చేసి ఇక్కడా అని బురద మేడమ్‌కి ఏడుపొచ్చింది. అప్పుడే గోడకానించిన చీపురు కంటబడింది. మరు ఆలోచన లేకుండా దాన్ని తీసుకెళ్లి అత్త చేతిలో పెట్టింది.

వెనక నుంచి స్కేలు సారు గొంతు సవరించుకున్నాడు. "వాయిద్యాలు లేవు అని రాశారు."

బురద మేడమ్ గిరుక్కున తిరిగింది. నోటికి వచ్చింది అనేసేదే. ఆయన చెయ్యెత్తి ఆపి, ఆలోచించి, అత్త కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"చీపురు వాయిద్యం కాదు, పనిముట్టు. ఆ గంటలో మైదానం శుభ్రంగా ఉంచాల్సిన బాధ్యత కార్యక్రమం చేసేవాళ్లదే. ఏడో నిబంధన." అని వెళ్లి మొదటి మెట్టు మీద కూర్చున్నాడు.

సర్రు, సర్రు. పొడి బండ మీద చీపురు చప్పుడు, దాని వెనకే పాట. "ఎవరు పారేసుకున్నారో ఈ గుండీ, ఏ చొక్కా వెతుక్కుంటోందో దీన్ని" అని మొదలెట్టింది. అది అయ్యాక చిరిగిన టికెట్టు, ఆ తర్వాత జత తప్పిన చెవిపోగు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ, మైదానం నాలుగు మూలలా తిరుగుతూ గంటసేపు పాడింది. గొంతు రెండుచోట్ల బొంగురు పోయింది, ఆవిడ ఆగలేదు. గుండీ పాటకు మేస్త్రీ చొక్కా తడుముకుని చూసుకున్నాడు, నిజంగానే ఒకటి లేదు. ఆరు కొట్టగానే ఆపేసింది. చప్పట్లు మోగాయి. గ్రంథాలయం కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

స్కేలు సారు కళ్లద్దాలు తిరిగిచ్చేసి, దండం పెట్టి వెళ్లిపోయాడు. మెట్లు ఖాళీ అవుతుంటే అత్త మేనకోడలి పక్కన కూలబడింది. వారం రోజులుగా బిగుసుకుపోయి ఉన్న ఆవిడ మొహం, పనంతా అయ్యాక కాళ్లు చాపుకున్న మనిషి మొహంలా తేటపడింది.

"విన్నారా అందరూ?" అని అడిగింది.

"విన్నారత్తా. ఆఖరి మెట్టు దాకా వినబడింది."

అత్త చీపురు పుల్లలు సమంగా నేలకు తట్టి, మేనకోడలి ఒళ్లో పెట్టింది.

"అయితే ఇక సోమవారం రానివ్వవే. పోతే పోనీ. నా గొంతుతో నాకున్న పని అయిపోయింది."

బురద మేడమ్ అత్త భుజం మీద తల వాల్చి, అప్పుడు ఏడ్చింది, నెలరోజులుగా ఆపుకున్నదంతా. తర్వాత ఇద్దరూ లేచి, మేస్త్రీ చీపురు మేస్త్రీకి ఇచ్చేసి, బస్సు కోసం నడిచారు.